వికెట్ల వెనక ఐలేశం

భువనగిరి ఖిల్లా మీద నిలవడి తూర్పు దిక్కు చూస్తె, రైలు పట్టాలు దాటినంక ఒక ఎర్రమట్టి దిబ్బ కనవడతది. గా దిబ్బ పక్కన్నే ఎర్రగట్టు. గా ఊళ్లె కుమ్మరి మల్లయ్యకు, బిక్షమ్మకు ఒక్కడే కొడుకు. ఐలోని గుడిల ఉన్న మల్లన్న దేవునికి మొక్కుకుంటె పుట్టిండని ఐలేశం అని పేరు వెట్టుకున్నరు.

మల్లయ్య కుండలు జేసుడే గాదు, ఇండ్లకు గూనపెంక గప్పుడుల గూడ పేరున్నోడు. వానలు పడకముందే ఇంటి మీది పెంక సదురుకోవాలె గద, ఎండకాలం వచ్చిందంటె చుట్టుపక్కల ఊర్లన్నీ ఆయన్నే పిలుస్తుండె. బాపు కింద నిలవడి పెంకలు పైకి ఇసిరేది, కొడుకు వాసాల మీద గొంతుక్కూసోని అందుకొని పేర్చేది. పెంక పలగకుండ పట్టాలంటె చెయ్యి ఎదురు పోవద్దు. వచ్చే పెంకతోని పాటే చెయ్యిని జర ఎనక్కి తీసుకోవాలె. ఇది ఐలేశంకు ఎవ్వరూ చెప్పలే. చిన్నప్పుడు పెంక పలిగినప్పుడల్లా బాపు తిట్టిన తిట్లే నేర్పినయి.

ఆయనకు ఇరవై ఏండ్లు వచ్చిన ఏడు, భువనగిరి స్టేషన్ కాడ రైలు నౌకర్ల ఇండ్లకు పెంక సదరాలని కబురొచ్చింది. తండ్రీకొడుకులు పోయిండ్రు. ఆ ఇండ్ల ఎనక ఖాళీ జాగల రైలోళ్లు క్రికెట్ ఆడుతున్నరు. ఐలేశం గా ఆట చూసుడు అదే మొదలు. తెల్లబట్టలేసుకున్న మనుషులు గంత ఎండల ఎందుకు నిలవడ్డరో, ఒకాయన ఉరికొచ్చి బంతి ఇసిరితె ఇంకొకాయన కట్టెతోని కొట్టుడేందో ఆయనకు సమజ్ కాలే. తన పని తాను చేసుకుంటున్నడు.

గంతల ఒక బంతి ఆకాశంకు లేసింది. సక్కగ ఐలేశం మీదికే వస్తాంది. ఎడమ చేతిల పెంక ఉన్నది. బంతి కప్పు మీద పడితె పొద్దటి సంది చేసిన పనంత ఖరాబైతదని, కుడి చెయ్యి సాపి బంతిని అందుకున్నడు. అందుకొని పక్కన పెట్టి, చేతిల ఉన్న పెంకను దాని జాగల పేర్చుకున్నడు.

కింద అందరూ తలెత్తి చూస్తున్నరు. బంతి ఇసిరినాయన ఉరుక్కుంట వచ్చిండు. ఎత్తు మనిషి, సన్నగ పొడుగు చేతులు. గూడ్సు ఆఫీసుల గుమాస్తా. పేరు తాజుద్దీన్.

"తమ్మీ, కిందికి దిగు" అన్నడు.

"నేనేం జేసిన సారూ? ఒక్క పెంక గూడ పలగలే."

"పెంక సంగతి గాదు. బంతేది?"

"గిది మీదేనా? ఎర్రగున్నది, ఏందో అనుకున్న."

తాజుద్దీన్ నవ్వుకుంట ఎనక్కి తిరిగి స్టేషన్ మాస్టర్ అహ్మద్ అలీని చూసిండు. గా రైలు జట్టుకు వికెట్ కీపర్ అహ్మద్ అలీయే. బంతి కొట్టేటోని ఎనక, మూడు కట్టెలు పాతిన కాడ వంగి నిలవడి, తప్పిపోయిన బంతులను పట్టుడు ఆయన పని. ఆయన వంగుదామంటె పొట్ట అడ్డమొచ్చేది. బంతులు కాళ్ల మధ్యకెళ్లి పోయేటియి. అయినా చేతులకు వేసుకునే తోలు గ్లవుజులు ఆయన సొంతం, పైంగ స్టేషన్ మాస్టర్, గందుకని ఎవ్వరూ ఏమనకపోయేది.

అహ్మద్ అలీ మెల్లగ నడుచుకుంట వచ్చిండు. గ్లవుజులు ఊడదీసి ఐలేశం ముందటికి సాపిండు.

"వేసుకో బేటా. నా పానం తెరిపిన పడతది. మోకాళ్లకు నూనె రాసి రాసి మా బేగంకు యాష్టకొచ్చింది" అన్నడు.

మల్లయ్య ఊకుంటడా? "పని మధ్యల పిలగాన్ని తీస్కపోతె నా పెంకలు ఎవలు పడ్తరు సారూ?" అని అడిగిండు. అహ్మద్ అలీ న్యాయం తెలిసిన మనిషి. తన జట్టుల నుంచి ఇద్దర్ని ఇంటి మీదికెక్కిచ్చిండు. పొద్దూకేసరికి గా ఇద్దరు పట్టినయి తక్కువ, పలగ్గొట్టినయి ఎక్కువ. మల్లయ్య నెత్తి కొట్టుకుంట, "మీ ఆటల గూడ గిట్లనే పడ్తరా నాయినా? గందుకే నా కొడుకును తీస్కపోయిండ్రు" అన్నడు.

అట్ల మొదలైంది ఐలేశం ఆట.

గొంతుక్కూసునుడు ఆయనకు అలవాటే. పొద్దంత కూసున్నా నడుము నొయ్యదు. బంతి ఎటు తిరుగుతదో తాజుద్దీన్ మణికట్టు చూసి పట్టేసేటోడు. కాని ఒక్క కాడ తిప్పలొచ్చింది. కొట్టేటోడు ఔటయిండా లేదా అని మధ్యల నిలవడ్డ పెద్దమనిషిని అంపైర్ అంటరు. ఆయన్ను ఇంగ్లీషుల గట్టిగ అడగాలె, అడగకుంటె ఆయన చెప్పడు. ఐలేశంకు ఇంగ్లీషు మాట నోరు తిరగలే. మొదటి మ్యాచుల బంతి బ్యాటుకు రాసుకొని తన చేతులకు రాంగనే, రెండు చేతులు పైకెత్తి, "ఏమాయె సారూ?" అని అరిచిండు.

అంపైర్ కాజీపేట నుంచి వచ్చిన ఆంగ్లో ఇండియన్ డ్రైవర్. బిత్తరపోయి తాజుద్దీన్ దిక్కు చూసిండు. "అడుగుతున్నడు సాబ్, ఔటేనా అని" అని తాజుద్దీన్ చెప్పిండు. అంపైర్ వేలెత్తిండు. అప్పటి సంది ఐలేశం ఇంగ్లీషు జోలికి పోనే లేదు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాంక అంపైర్లందరు ఏమాయె సారూకు అలవాటు పడ్డరు.

రెండేండ్లకు సికింద్రాబాద్‌ల ఒక జాగీర్దారు ఈయన ఆట చూసిండు. గా కాలంల నవాబులకు, జాగీర్దార్లకు గుర్రాలు పెంచినట్టె క్రికెట్ జట్లు పెంచుడు గూడ ఒక షోకు. జీతం ఇచ్చి, తిండి వెట్టి, ఉండుటానికి అర్ర ఇచ్చి ఆటగాళ్లను తెచ్చుకునేటోళ్లు. ఐలేశంను గట్లనే తీస్కపోయిండు. ఎర్రగట్టుల బిక్షమ్మను జనం అడిగిండ్రు, కొడుకు పట్నంల ఏం కొలువు చేస్తుండని.

"పట్టుడు పని" అన్నది బిక్షమ్మ.

"ఏం పడ్తడు?"

"ఏమో నాకేమెరుక. ఏదొస్తె అది పడ్తడట. పట్టినందుకు జీతమట."

పట్నంల ఐలేశం మంచిగ బతికిండు. బూట్లు తొడుక్కునుడు నేర్చిండు, ఉర్దూ నేర్చిండు. రెండు చేతుల వేళ్లు ఒక్కొక్కటే బంతి తాకి వంకర్లు పోయినయి గాని, ఆటల మాత్రం ఆయన పేరు పెరిగింది. తాజుద్దీన్ రైలు దొరికినప్పుడల్లా వచ్చి చూసి పోయేటోడు. "నువ్వు లేక నా బంతులు అనాథలైనయి ఐలేశ్" అనేటోడు.

గా జట్టుల మొదలు బ్యాటింగ్‌కు దిగేటోడు రఘుపతి రావు. ఎర్రగట్టు దొర కొడుకే. ఊళ్లె ఐలేశం ఆయన ముందట చెప్పులు తొడగొద్దు. ఆటల మాత్రం ఇద్దరికి ఒక్క తీరు తెల్లబట్టలు. రఘుపతి రావు మంచి ఆటగాడే, అది గాదనరాదు. కాని ఐలేశంను పేరు వెట్టి ఎన్నడు పిలువలే. "కుమ్మరోడా, బంతి అందుకో" అనేటోడు.

నలభై ఆరు, నలభై ఏడుల ఊర్లన్నీ కుతకుత ఉడుకుతున్నయి. ఎర్రగట్టులకు దొరలను ఎదిరిచ్చే సంగం వచ్చింది. అప్పటిదాంక ఊళ్లెకు ఏ అధికారొచ్చినా, దొర గడీల ఏ పండుగయినా, కుండలు, గురుగులు కుమ్మరోళ్లు ఊకెనే ఇయ్యాలె. పిలిస్తె పోయి వంట గూడ జెయ్యాలె. అది వెట్టి. ఒకనాడు గడీల పెండ్లి ఉన్నదని కుండలు తెమ్మంటె మల్లయ్య తేలేదు. "పైసలిచ్చి తీస్కపొమ్మను" అన్నడు. ఆయన ఎనక సాకలోళ్లు, మంగలోళ్లు, మాదిగోళ్లు అందరూ నిలవడ్డరు.

వారం తిరగకముందే రఘుపతి రావు ఐలేశంను పిలిపిచ్చిండు. ఆట అయిపోయి కుర్చీల కూసోని షర్బత్ తాగుతున్నడు.

"మీ అయ్యకు కొవ్వెక్కినట్టున్నది" అన్నడు. "పోయి చెప్పు. కుండలు గడీకి రావాలె. లేకుంటె నీ జాగల ఇంకొకడు వస్తడు."

 ఐలేశంకు భయమైంది. గా అర్ర, గా జీతం, వేళకు దొరికే రొట్టె, కూర అన్నీ కండ్ల ముందట తిరిగినయి. కాని బాపు ముందట నిలవడి గా మాట చెప్పుడు ఎట్లనో ఎంత తలుసుకున్నా నోరు రాలే.

"మా బాపు మాట నేనెన్నడు కాదనలే చిన్నదొరా. ఇప్పుడు మొదలు వెడితె బాగుండది" అన్నడు.

పొద్దుగూకే రైలుకు మూట సదురుకొని భువనగిరిల దిగిండు. తాజుద్దీన్ ప్లాట్‌ఫారం మీదనే కనవడ్డడు. సంగతంత విని, ఐలేశం భుజం మీద చెయ్యేసి ఇంటికి తీస్కపోయిండు. తాజుద్దీన్ తల్లి అజీజా బేగం తలుపు సందుకెళ్లి చూసి, "వచ్చిండా పెంకల పిలగాడు? జొన్నరొట్టె తింటడా, బియ్యం తింటడా అడుగు" అన్నది. అహ్మద్ అలీ పైవాళ్లకు చెప్పి పట్టాల మీద గ్యాంగు పనిల పెట్టిచ్చిండు. పగటీలి పట్టాలు, సాయంత్రం ఆట.

గా చలికాలంల జాగీర్దారు జట్టు రైలోళ్లతోని ఆడుటానికి భువనగిరికి వచ్చింది. రఘుపతి రావు వస్తున్నడని తెలిసి ఎర్రగట్టు నుంచి ఊరికి ఊరే నడిచొచ్చింది. ఆటంటె ఏందో వాళ్లకు ఎరుక లేదు. చిన్నదొర ఒక దిక్కు, మల్లయ్య కొడుకు ఇంకో దిక్కు అన్న ముచ్చటొక్కటి చాలు.

రఘుపతి రావు మంచిగ కొడుతున్నడు. తాజుద్దీన్ దూరం నుంచి ఉరికొచ్చి జోరుగ ఏసే మనిషి. ఆనాడు మాత్రం మూడడుగులకే ఆగి నిమ్మలంగ ఒక బంతి ఏసిండు. రఘుపతి రావు గర్వంతోని గీత దాటి ముందటికొచ్చి కొట్టబోయిండు. తప్పింది. ఐలేశం వికెట్లకు ఆనుకునే కూసోనున్నడు. బంతి చేతిల పడుడు, వికెట్ల మీది బెయిళ్లు రాలుడు ఒక్కతీరుగ అయిపోయినయి.

"ఏమాయె సారూ?" అని అరిచిండు.

అహ్మద్ అలీ ఆనాడు అంపైర్. వేలెత్తిండు.

రఘుపతి రావు కదలలే. "నా కాలు గీత లోపటనే ఉన్నది" అన్నడు.

"హుజూర్, బయటుండె" అన్నడు అహ్మద్ అలీ.

"నేను ఔటు కాలేదంటున్న."

 జాగీర్దారు కుర్చీలకెళ్లి చూస్తున్నడు గాని అడ్డం రాలే. అహ్మద్ అలీ చెమటలు తుడుసుకున్నడు. వేలు మాత్రం దించలే.  ఐలేశం కిందవడ్డ బెయిళ్లు ఏరుకొని, వికెట్ల మీద నిమ్మలంగ పెట్టుకుంట, "ఎండ కొడుతాంది చిన్నదొరా, నీడకు పోయి కూసోండ్రి" అన్నడు.

ఎనక నుంచి ఎర్రగట్టోళ్లు నవ్విండ్రు. మొదలు ఎవలో ముసలామె నవ్వింది, తర్వాత అందరు. రఘుపతి రావు బ్యాటు నేలకు కొట్టి పోయిండు. దొర కొడుకు మీద నలుగురి ముందట నవ్వుడు ఎర్రగట్టోళ్లకు అదే మొదలు. ఊరు చేరేదాంక నవ్వుకుంటనే పోయిండ్రు.

మరుసటేడు నవ్వులు తక్కువైనయి. నైజాం పక్షాన తిరిగే రజాకార్లు ఊర్ల మీద వడ్డరు. మల్లయ్య పేరు దొర రాసిచ్చిండని తెలిసి, సంగపోళ్లతోని గుట్టలు పట్టిండు. ఏరువాక అయినంక ఒక శుక్రారం, నైజాంల శుక్రారమే సెలవు గద, రైలోళ్ల జట్టు కాజీపేటల ఆడుటానికి పోయింది. అదే నాడు ఎర్రగట్టు మీదికి రజాకార్లు వచ్చిండ్రు. బిక్షమ్మ సప్పుడు వినంగనే ఎర్ర దిబ్బ ఎనకకు ఉరికింది. మల్లయ్య ఇల్లు, కుండలు కాల్చే వాము, వాకిట్ల ఆరవెట్టిన కుండలు, అన్నిటికి అగ్గి వెట్టి పోయిండ్రు.

ఐలేశం, తాజుద్దీన్ బండి దిగంగనే పొగ కనవడ్డది. ఇద్దరు పట్టాల మీదకెళ్లి ఉరికిండ్రు. బిక్షమ్మ దిబ్బ కాడ ఒక్క కుండ ఒళ్లె వెట్టుకొని కూసోనున్నది. కొడుకును చూసి, "ఒక్కటే తెచ్చిన బిడ్డా, చేతికి అందింది" అన్నది. తాజుద్దీన్ ఆమెను లేపి తమ ఇంటికి తీస్కపోయిండు. మూడు నెలలు బిక్షమ్మ అజీజా బేగం ఇంట్లనే ఉన్నది. ఇద్దరు ఆడోళ్లు పొయ్యి కాడ పొద్దుకు ఒకసారన్న కొట్లాడేటోళ్లు, ఉప్పు ఎక్కువైందని ఒకలు, కారం తక్కువైందని ఒకలు. ఒకలు తినకుండ ఇంకొకలు మాత్రం తినకపోయేటోళ్లు.

సెప్టెంబర్ల యూనియన్ మిలిట్రీ వచ్చింది. నైజాం దిగిపోయిండు. రజాకార్లు చెల్లాచెదురైండ్రు. కాని చేసినోళ్లకంటె ఏం చెయ్యని ముసల్మానుల మీద పడ్డది ఎక్కువ దెబ్బ. పట్నం పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలు వెట్టుకొని మళ్ల ఊళ్లల్లకు వచ్చిండ్రు. రఘుపతి రావు గూడ వచ్చిండు. వచ్చి మిలిట్రీకి ఒక ఫిర్యాదు ఇచ్చిండు. ఎర్రగట్టుల మల్లయ్య ఇంటికి అగ్గి వెట్టినోళ్లల్ల తాజుద్దీన్ ఉన్నడని. తాజుద్దీన్‌ను ఆఫీసులకెళ్లే పట్కపోయి క్యాంపుల పెట్టిండ్రు.

అజీజా బేగం తిండి మానేసింది. బిక్షమ్మ ఆమె పక్కన కూసోని, "నా కొడుకు పోతడు. పట్టుడు పని వానిదే గద, పట్టుకొస్తడు" అన్నది.

ఐలేశం క్యాంపుకు పోయి రెండు రోజులు గేటు కాడ నిలవడ్డంక లోపటికి పిలిచిండ్రు. ఆఫీసరు బొంబాయి దిక్కోడు, పడుసు మనిషి. కండ్ల కింద నల్లగ, నిద్ర లేనట్టున్నడు. హిందీల అడిగిండు.

"నీకేం కావాలె?"

"తాజుద్దీన్‌ను ఇడవాలె సాబ్. కాలిన ఇల్లు నాదే. ఆయన పెట్టలే."

"నువ్వు చూసినవా, ఎవరు పెట్టిండ్రో?"

"లేదు. నేను ఊళ్లె లేను. ఆయన గూడ లేడు. ఇద్దరం కాజీపేటల క్రికెట్ ఆడుతున్నం."

ఆఫీసరు కుర్చీల సక్కగ కూసున్నడు. "క్రికెట్? నువ్వు?"

"వికెట్ కీపర్‌ను సాబ్."

ఆఫీసరు ఐలేశం చేతులు చూపుమన్నడు. వంకర వేళ్లను అటు ఇటు తిప్పి చూసి, జర నవ్విండు. "చేతులైతే అబద్ధం చెప్తలేవు. కాని దోస్తు కోసం మనిషి ఏమన్నా చెప్తడు. ఇంకెవరన్న సాక్షులున్నరా?"

ఐలేశం ఉన్న మాట చెప్పిండు. అహ్మద్ అలీని అప్పటికే దూరంగ గుల్బర్గ దిక్కు బదిలీ జేసిండ్రు. తతిమ్మా ఆటగాళ్లు భయానికి ఏ దిక్కు పోయిండ్రో తెల్వదు.

ఆఫీసరు కుర్చీ ముందటికి జరుపుకొని, "సరే, ఆ ఆట మొదటి నుంచి చెప్పు" అన్నడు.

ఐలేశం చెప్పిండు. ఎవలు మొదలు కొట్టిండ్రో, ఏ బంతి ఎటు తిరిగిందో, గాలి ఏ దిక్కుకెళ్లి వచ్చిందో, ఒక కాజీపేట ఫైర్‌మన్ ఎట్ల కాలు జారి పడ్డడో, తాజుద్దీన్ ఎవర్ని ఎట్ల ఔటు జేసిండో చెప్పుకుంట పోయిండు. చెప్తుంటె ఆయనకు తెలవకుండనే గొంతుక్కూసున్నడు. ఆఫీసరు మధ్యల మధ్యల అడుగుతున్నడు. అంతా అయినంక ఐలేశంను గోడ ఎనకకు పంపి, తాజుద్దీన్‌ను పిలిపిచ్చి, అదే ఆట చెప్పుమన్నడు.

తాజుద్దీన్ గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నడు. ఏం జరుగుతాందో ఆయనకు ఎరుక లేదు. మొదలు భయపడుకుంట చెప్పిండు. తన బంతుల ముచ్చట రాంగనే గొంతు లేసింది. గాలి, ఫైర్‌మన్, కాలు జారుడు అన్నీ అచ్చం అట్లనే వచ్చినయి. ఆఖరుకు అన్నడు, "ఆఖరోడు నా బంతికే ఔటు గావాలె సాబ్. ఐలేశం క్యాచు ఇడిసిపెట్టిండు."

గోడ ఎనక ఐలేశం ఓర్చుకోలేకపోయిండు. లోపటికి వచ్చిండు.

"నేను ఇడిసిపెట్టిన్నా? అది నా చేతులకు రాకముందే నేల తాకింది."

"నేల తాకలే. నీ గ్లవుజుల పడి జారింది. నేను చూసిన."

"నువ్వు గంత దూరం నుంచి ఏం చూస్తవు తాజు భాయ్? నేను దాని మొకం ముందటున్న."

"ముందటుండే ఇడిసిపెట్టినవ్."

కాపలా ఉన్న జవాన్లు మొకమొకాలు చూసుకున్నరు. ఖైదుల ఉన్న మనిషి, ఇడిపియ్య వచ్చిన మనిషి ఇద్దరు గట్టిగ కొట్లాడుతున్నరు. ఆఫీసరు బల్ల మీద చెయ్యి కొట్టిండు. ఇద్దరు ఆయన దిక్కు తిరిగిండ్రు. చూస్తె ఆఫీసరు నవ్వుతున్నడు.

"కూడబలుక్కొని వచ్చినోళ్లయితే దీని మీద గూడ ఒకటే మాట చెప్పేటోళ్లు" అన్నడు. "గిట్ల కొట్లాడాలంటె ఇద్దరు అక్కడ ఉండి తీరాలె."

కాజీపేట స్టేషన్‌కు టెలిగ్రాం కొట్టి గా ఫైర్‌మన్‌ను గూడ అడిగిచ్చిండు. కాలు జారింది నిజమేనని, ఇప్పటికీ మోకాలు నొస్తాందని ఆయన జవాబిచ్చిండు. తెల్లారి తాజుద్దీన్‌ను ఇడిసిండ్రు. గడప దాటంగనే తాజుద్దీన్ ఐలేశంను కావలిచ్చుకున్నడు.  స్టేషన్ గేటు కాడికి వచ్చినంక ఐలేశం, "ఏమన్న తిన్నవా?" అని అడిగిండు. "మీ అమ్మ కారం వేసిన కూర తినాలనున్నది" అన్నడు తాజుద్దీన్.

తర్వాత చానామంది పాకిస్తాన్ పోతున్నరని, నువ్వు గూడ పోతవా అని తాజుద్దీన్‌ను అడిగిండ్రు. "అక్కడ నాకు కీపర్ ఎవలున్నరు?" అన్నడు.

మల్లయ్య మాత్రం ఇంటికి రాలే. దొరలు మళ్ల వచ్చి భూములు గుంజుకుంటున్నరని సంగపోళ్లు తుపాకులు దించలే. ఇప్పుడు వాళ్ల ఎంట పడ్డది మిలిట్రీ. మల్లయ్య ఏ గుట్టల ఉన్నడో ఇంటోళ్లకు తెల్వదు. బతికున్నడన్న మాట మాత్రం ఎవలో ఒకలు చేరవేసేటోళ్లు.

ఆయన లేకుండనే ఐలేశం పెండ్లి కుదిరింది. మోత్కూరుల ఒక కుమ్మరోళ్ల పిల్ల, యాదలక్ష్మి. చూడవోయింది బిక్షమ్మ, అజీజా బేగం. కుండలు కాలుస్తున్న వాము కాడ పిల్ల తండ్రి ఐలేశం వేళ్ల ముచ్చట విని ఎనకాముందాడిండు. "వంకర వేళ్లతోని సారె మీద కుండెట్ల లేస్తదమ్మా?" అన్నడు. అజీజా బేగం బుర్కా ఎనక్కి తీసి, "మా పిలగాడు కుండలు జెయ్యడు, బంతులు పడ్తడు. హైద్రాబాద్ల అడుగు పో" అన్నది. లోపట నుంచి యాదలక్ష్మి, "కుండలు చేసేటందుకు నేనున్న గద నాయినా" అన్నది. పెండ్లి అయింది. రైలు జట్టంత మోత్కూరుకు ఎడ్లబండ్ల మీద పోయి, తోవల పంట కోసిన ఒక చెల్కల ఆట గూడ ఆడుకున్నది.

యాబై ఒకటిల పోరాటం ఆపేసిండ్రు. జర జైలు, జర కోర్టు అయినంక మల్లయ్య బయటికొచ్చిండు. చెంపలు తెల్లవడ్డయి, గడ్డం ఎదురు రొమ్ము దాంక ఉన్నది. కోడలు ఇచ్చిన నీళ్లు తాగి, కొడుకు దిక్కు చూసి, "ఇంక గా బంతులే పడ్తున్నవా?" అని అడిగిండు.

"అదే కొలువు బాపూ. రైలోళ్లు ఆట కోసమే పక్కా నౌకరి ఇచ్చిండ్రు."

నమ్మకం కలగక మల్లయ్య సికింద్రాబాద్ దాంక పోయి ఒక మ్యాచు పొద్దంత చూసిండు. గుట్టల పడుకున్న మనిషి, నీడల కుర్చీల కూసునుడు అలవాటు తప్పి, నేల మీదనే కూసున్నడు. కొడుకు నాలుగు క్యాచులు పట్టిండు. జనం చప్పట్లు కొట్టిండ్రు. ఆట అయిపోయినంక ఐలేశం దగ్గరికొచ్చి, ఏమంటడో అని చూసిండు.

"అందరు ఉరుకుతున్నరు, నువ్వొక్కనివే కూసున్నవ్" అన్నడు మల్లయ్య. నేల మీదికెళ్లి లేసుకుంట, "నిన్ను లెవ్వుమన్నోడు ఒక్కడు లేడు గదరా" అన్నడు.

ఎర్రగట్టుకు వాపసొచ్చి ఊరంత తిరిగి చెప్పిండు, నా కొడుకుది కూసునే కొలువని.

ఐలేశం నెత్తి సగం నెరిసేదాంక ఆడిండు. రైలోళ్ల జట్టుతోని మద్రాసు పోయిండు, బొంబాయి పోయిండు, ఏడికి పోయినా చింతతొక్కు జాడి సంచిల ఉండాలె. ఎడమ చేతి చూపుడు వేలు మూడోసారి ఇరిగినంక యాదలక్ష్మి, "ఉన్నయన్ని ఇరగ్గొట్టుకుంటె బువ్వ ఎట్ల తింటవ్? ఇగ చాలు" అన్నది. ఆమె మాట వినాలని ఆయనకు గూడ అనిపిచ్చింది.

ఆఖరు మ్యాచు భువనగిరిలనే పెట్టిండ్రు. ముగింపుకు వచ్చినంక తాజుద్దీన్, అప్పటికి ఆయనకు గూడ కండ్లద్దాలొచ్చినయి, బంతి తెచ్చి ఐలేశం చేతిల పెట్టిండు.

"బతుకంత నేను వేసిన, నువ్వు పట్టినవ్. ఇయ్యాల నువ్వు వెయ్యి."

"కీపర్ ఎవలు మరి?"

"నేనే."

తాజుద్దీన్ గ్లవుజులు తొడుక్కొని వికెట్ల ఎనక కూసునెటందుకు సగం వంగిండు, నడుము పట్టుకున్నది. జనమంత కేకలేస్తున్నరు. ఐలేశంకు బంతి ఎట్ల వెయ్యాల్నో తెల్వదు. పట్టుడే తెలుసు. నాలుగడుగులు ఉరికి, పెంక ఇసిరినట్టు ఇసిరిండు. బంతి కొట్టేటోనికి అందలే, తాజుద్దీన్ చేతులకు అందలే, కాళ్ల మధ్యకెళ్లి దూరి, గీత దాటి, ఏటవాలు దిగి పట్టాల మీదికి పోయింది.

"నువ్వే తప్పు ఏసినవ్" అన్నడు తాజుద్దీన్.

"నువ్వే ఇడిసినవ్" అన్నడు ఐలేశం.

ఒడ్డున యాదలక్ష్మి కొంగు నోటికి అడ్డం వెట్టుకొని నవ్వుతాంది. బంతి కోసం ఇద్దరు ఏటవాలు దిక్కు నడిచిండ్రు. గప్పుడే వరంగల్ దిక్కుకెళ్లి గూడ్సు బండి కూతేసుకుంట వచ్చింది. డ్రైవర్ ఇద్దర్ని గుర్తుపట్టి చెయ్యూపిండు. బొగ్గు డబ్బాలు ఒకదాని ఎనక ఒకటి పోతనే ఉన్నయి. ఇద్దరు పక్కపక్కన్నే గడ్డిల కూసున్నరు, బండి పోయేదాంక.